కంచుగొంతుడి మీద సుంకి శోకం

సిరిపాడు రాజ్యంలో పసికందులు కూడా చప్పుడు లేకుండా ఏడ్చే రోజులవి. పొగమంచు కొండ మీద చేరిన కంచుగొంతుడనే రాక్షసుడు తనతో తిట్టుపాటల పోటీకి రమ్మని రాజ్యాన్నంతా సవాలు చేశాడు. గాయకుడు ఓడిన ప్రతిసారీ అతని గొంతుతో పాటు ఒక ఊరి గొంతునూ లాగేసుకునేవాడు. ఆస్థాన గాయకులందరూ వెళ్లి ఓడారు. ఊరి వెంట ఊరు మూగబోయింది.

చివరికి రాజధాని కాక గోగులపల్లె ఒక్కటే మిగిలింది. ఆ ఊరి బయ్యన్న డప్పు పట్టి తిట్టుపాట అందుకుంటే జాతరల్లో ఎదురు నిలిచేవాడు లేడు. అతడూ కొండెక్కాడు. తిరిగొచ్చి, చెల్లెలు సుంకి ముందు నోరు తెరిచి, మాట రాక, గోడకు చేరగిలబడ్డాడు. ఆ పూటే రాజధాని మూగబోయింది. మాట పోయిన రాజు స్వయంగా వచ్చి సుంకి గుమ్మంలో చేతులు జోడించి నిలబడ్డాడు.

రాజ్యంలో పాడగల గొంతు ఇక ఆమెదొక్కటే. కానీ సుంకి చావు ఇళ్లలో శోకాలు పాడే పిల్ల. తిట్టుపాట ఆమెకు రాదు. వెళ్లవద్దని ఊరివాళ్లు బతిమాలారు.

"పోకపోతే వాడే దిగొస్తాడు. ఓడితే అన్నతో పాటు నేనూ మూగదాన్నవుతాను, అంతేగా" అని బయలుదేరింది.

అడవిలో ముళ్లకంపలు ఆమె కాళ్లను చీరాయి. దారికి అడ్డంగా ఒక పెద్దపులి లేచి, నోరు తెరిచింది. గర్జన రాలేదు. అది సిగ్గుపడినట్టు తల తిప్పుకొని పొదలోకి పోయింది. ఇక ఏ ఆశా పెట్టుకోకూడదని సుంకికి అప్పుడే అనిపించింది.

కొండ మొదట్లో గుహలో ఒక ముని కనిపించాడు.

"వాడి ప్రాణం ఏ చిలకలోనైనా దాచుకున్నాడా స్వామీ?"

"లేదు తల్లీ. వాడికి బదులు దొరకని పాట పాడాలి. అలాంటి పాట నాకు తెలియదు."

ముని ఇచ్చిన నీళ్లు తాగి, కళ్లు తుడుచుకొని ఆమె కొండెక్కింది.

రాక్షసుడు డప్పు మోగిస్తూ అందుకున్నాడు:

"పాడెల వెంట పాడే పిల్లా, పాటంటే నీకేం తెలుసే?
అన్న డప్పు అటకెక్కింది, నువ్వంటే మరీ అలుసే!
ఊరికి నోరూ, నోటికి మాటా, ఒక్క ఊపున ఊడ్చేస్తా,
ఏడ్చే గొంతు ఎండేదాకా ఎగిరెగిరీ నే నూరేస్తా!"

సుంకి అదే దరువులో బదులివ్వబోయింది. మాటలు తడబడ్డాయి, గొంతు సగం పోయింది. రెండోసారి వాడు చనిపోయిన ఆమె తల్లిని ఎగతాళి చేశాడు. కోపంతో తిట్టబోతే, దారంలాంటి గొంతు మాత్రమే మిగిలింది. అంతా అయిపోయిందనుకొని ఆమె నేల మీద కూలబడింది. ఎదురుగా వాడు, చుట్టూ రాళ్లు. మరో ప్రాణి లేదు. పీనుగు పక్కన కూర్చున్నట్టే జుట్టు విప్పుకొని, నెమ్మదిగా శోకం ఎత్తుకుంది:

"ఎవరూ లేని కొండ మీద ఎండిపోతివి కొడకా,
పేరు పెట్టి పిలవడానికి ఒక్క నోరైనా ఉంచుకోకపోతివి కొడకా,
నువ్వు పోయిన నాడు నీ మీద పడి ఏడ్చేదెవరు కొడకా..."

"నేను చావలేదు" అన్నాడు రాక్షసుడు.

సుంకి ఆపలేదు. వాడు డప్పెత్తి, మళ్లీ దించాడు. తిట్టుకు తిట్టు వాడి దగ్గర వేలకొద్దీ ఉన్నాయి. తన కోసం ఎవరైనా ఏడిస్తే ఏమనాలో వాడికి తెలియదు. బదులు కోసం నోరు తెరిస్తే వెక్కిళ్లు వచ్చాయి. ఆ వెక్కిళ్లతో పాటే లాక్కున్న గొంతులన్నీ తూనీగల్లా బయటికి లేచిపోయాయి. రాక్షసుడు ముడుచుకుపోయి ముసలివాడయ్యాడు. ఇంకొంచెం పాడమని చేత్తో సైగ చేశాడు. వాడి ఊపిరి ఆగేదాకా సుంకి పాడింది.

ఆమె దిగివచ్చేసరికి బయ్యన్న ఊరి బయటే నిలబడి చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. సుంకి గొంతు మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు, బొంగురుగానే ఉండిపోయింది. సంతానం లేని సిరిపాడు రాజు ఆమెను దత్తత చేసుకొని, తన తరువాత పట్టం ఆమెకే దక్కేలా చేశాడు. రాజ్యంలో దిక్కులేనివారెవరు పోయినా రాణి సుంకి సింహాసనం దిగి, నడిచి వెళ్లి, ఆ బొంగురు గొంతుతోనే పాడి వచ్చేది.