ఆరో రోజు, నాలుగు నుంచి ఐదు

ఆ ముసలి దంపతుల యాత్రాపత్రంలో ఏ పనీ పేరు పడని పదకొండు నిమిషాల బీడు మిగిలింది. మూడో రోజు, రోప్‌వే దిగాక, బస్సు ఎక్కకముందు. లోకనాథం దాన్ని రెండుగా విరిచాడు. ఏడు నిమిషాలు 'కూర్చొనుట', నాలుగు నిమిషాలు 'మంచినీళ్ళు'. కూర్పరి యంత్రం ఒప్పుకుంది. పత్రం అంచు పచ్చబడింది. పంపేముందు అతను కూర్చునే చోటును మెట్ల పక్క బల్ల నుంచి కిటికీ పక్క బల్లకు మార్చాడు. భర్త మోకాలికి శస్త్రచికిత్స జరిగిందని పత్రంలోనే ఉంది. కిటికీ దగ్గరైతే గోడకు చేరగిలబడవచ్చు. ఆ మార్పు ఎవరూ అడగలేదు, ఎవరూ గమనించరు కూడా. ఇలాంటివి రోజుకు రెండో మూడో చేయగలిగితే సాయంత్రానికి అతనికి నడుము నొప్పి కాస్త తక్కువగా ఉండేది.

పదకొండూ పదికి కుర్చీ అతన్ని వదిలింది. నడుము పట్టా టక్కున ఊడింది. హాలులో నలభైమంది నింపరులు ఒకేసారి లేచి, ఒకేసారి చేతులు చాచి, ఆరు నిమిషాల తరువాత ఒకేసారి కూర్చున్నారు. సముద్రం అర కిలోమీటరు దూరంలో ఉన్నా ఆ హాలుకు ఒక్క కిటికీ లేదు. అయితే లోకనాథం తలపైన ఉన్న గాలిగొట్టం మూత కొద్దిగా వంగి ఉండేది. ఈ వేళకు దానిలోంచి ఉప్పు వాసన దిగేది. తొమ్మిదేళ్ళుగా ఆ మూత సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే బాగుచేస్తారు.

లోకంలో చూడదగ్గ చోట్లు తగ్గిపోయాయి, చూడాలనుకునేవాళ్ళు తగ్గలేదు. ఏ కొండ అంచున ఏ నిమిషంలో ఎవరు నిలబడతారో ముందే తేలాలి. లేకపోతే తాకిడి. అందుకని విదేశం వెళ్ళే ప్రతి మనిషి ప్రతి నిమిషానికీ ఒక పేరు ఉండాలి. చాలావరకు కూర్పరే కూర్చేది. దానికి పేరు దొరకని నిమిషాలు ఈ హాలుకు వచ్చేవి.

తరువాతి పత్రం తెరుచుకుంది. ఇద్దరు ప్రయాణికులు. నార్వే, సముద్రపాయలు, తొమ్మిది రోజులు. పన్నెండువేల తొమ్మిదివందల అరవై నిమిషాలు. పేర్లు: లోకనాథం, తండ్రి. మేదిని, కూతురు, పదిహేనేళ్ళు.

తన ఇంటి పత్రం తానే నింపుకోవచ్చు. ఆ ఉద్యోగంలో ఉన్న సౌకర్యం అదొక్కటే. పోయిన వారమంతా కూర్చుని ఒక్క నిమిషం వదలకుండా నింపి మేదిని వేలిముద్ర కోసం పంపాడు. ముద్ర పడలేదు. పత్రం తిరిగొచ్చింది. ఆరో రోజు, సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకూ ఉన్నదంతా చెరిపేసి ఉంది. పన్నెండు నిమిషాల 'జలపాత వీక్షణం' లేదు. నాలుగు నిమిషాల 'ఆశ్చర్యపోవుట' లేదు. అరవై నిమిషాల తెల్లటి బీడు.

పత్రం కింద ఎర్ర అక్షరాలు: నేటి సాయంత్రం ఐదుకు గడువు ముగియును.

"ఏటి బాబూ, మొకం అలాగెట్టేసినావు?" అంది పక్క కుర్చీలోని దాలమ్మ. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. హాలులో అందరికన్నా పాత నింపరి.

"మా అమ్మాయి ఒక గంట చెరిపేసిందండీ."

"గంటే? సిన్నదేం కాదు." ఆమె మెడ చాచి తెర చూసింది. "ఇయ్యాలే గడువా? మల్లీ ఎప్పుడొస్తాది?"

"రాదు. వచ్చే నెలకి దానికి పదహారు నిండుతాయి. దాని పత్రం వేరైపోతుంది, నాది వేరైపోతుంది. ఇద్దరం కలిసి వెళ్ళాలంటే ఇదొక్కటే."

ఈ యాత్రకు పేరిచ్చింది అతని భార్య హైమవతి అని దాలమ్మకు తెలుసు. మేదినికి నాలుగేళ్ళప్పుడు ముగ్గురి పేర్లూ ఇచ్చింది. వంతు రావడానికి పదకొండేళ్ళు పట్టింది. హైమవతి ఎనిమిదేళ్ళే ఎదురుచూడగలిగింది.

భోజనం వేళ మాటగదిలో ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. లోకనాథం బడికి ఫోను కలిపాడు.

"చూశావా నాన్నా?" అంది మేదిని.

"చూశాను. పొరపాటున చెరిగిందేమో అనుకున్నాను."

"గంట పొరపాటున చెరుగుతుందా?"

"పోనీ జలపాతం ఇష్టం లేకపోతే చెప్పు, పడవ పెడతాను."

"జలపాతం బాగానే ఉంది. నాలుగు నిమిషాలు ఆశ్చర్యపోవాలన్నావు చూడు, అదే భయమేసింది. నాకు మూడో నిమిషానికే అయిపోతే?"

"మిగిలింది ఫొటోకి కలుపుకో."

ఆమె నవ్వింది. అతనికి ప్రాణం లేచివచ్చింది. కానీ ఆ నవ్వు ఎంతోసేపు లేదు.

"ఆ గంట అలాగే ఉంచు నాన్నా. నేనింకేం అడగను."

"ఆ గంటలో ఏం చేద్దామని?"

"తెలీదు."

"తెలీదంటే కూర్పరి ఒప్పుకోదమ్మా."

"ఒప్పుకోనిది నువ్వు. దానిమీద పెట్టకు." మేదిని గొంతు తగ్గింది. "అమ్మ పోయిన తొమ్మిదో రోజున నా గది గోడకి టైంటేబుల్ అంటించావు. పదో రోజు నుంచి ఈత. తర్వాత లెక్కల ట్యూషన్. వయొలిన్. మూడేళ్ళు నాన్నా. నిద్ర కూడా అందులోనే ఉంది."

"నువ్వు ఒక్కదానివే కూర్చుని దిగులుపడతావేమోనని…"

"పడదామనే అనుకున్నాను. ఎప్పుడు పడను? శనివారం చూశాను, డ్రాయింగ్ ఉంది."

మాట గడువు ముగిసింది. గది తలుపు తనంతట తానే తెరుచుకుంది. బయట నిలబడ్డ మనిషి లోపలికి రావడానికి లోకనాథం పక్కకు జరగవలసి వచ్చింది.

కుర్చీ మళ్ళీ పట్టుకుంది. మధ్యాహ్నమంతా అతను వేరేవాళ్ళ బీళ్ళు నింపాడు. కొత్త దంపతులకు 'చేతులు పట్టుకొనుట' రెండు నిమిషాలు. ఒంటరిగా వెళ్తున్న టీచరమ్మకు 'ఉత్తరం రాయుట' తొమ్మిది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆ టైంటేబుల్ రాసిన రాత్రి అతనికి గుర్తుంది. పిల్ల దగ్గరకు దుఃఖం రావడానికి సందు ఉండకూడదనుకున్నాడు. చేతనైన పని అదొక్కటే, అదే చేశాడు. నీళ్ళు రాకుండా కిటికీ మూసినట్టు మూశాడు. లోపలి మనిషికి గాలి సంగతి అప్పుడు తోచలేదు.

మూడున్నరకు దాలమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే గొణిగింది. "బాబూ, ఒక ఉపాయం సెప్తాను. అరవై సార్లు నీల్లు తాగించు."

"అరవై సార్లా?"

"నిమిసానికో గలాసు. కూర్పరికి దాహం ఏటి తెలుస్తాది? పచ్చబడిపోద్ది. మీరు అక్కడికెల్లి మీ పని సూసుకోండి."

అలాగే చేశాడు. అరవై 'మంచినీళ్ళు'. పత్రం పచ్చబడింది. మేదినికి పంపి, బడిలో ఆమె చూసేదాకా వేళ్ళు నొక్కుకుంటూ కూర్చున్నాడు. నాలుగూ ఇరవైకి తిరిగొచ్చింది. అరవై నీళ్ళూ చెరిపేసి ఉన్నాయి. కింద ఆమె రాసింది:

'అక్కడ చెవికి తగిలించే చెవిపలుకు నిమిషానికోసారి నీళ్ళు తాగమంటుంది నాన్నా. తాగకపోతే కాపలావాళ్ళొస్తారు. నాలుగు నుంచి ఐదు ఎందుకో నువ్వు అడగలేదు. అప్పట్లో నేను బడి నుంచి వచ్చేది నాలుగింటికి. నువ్వు ఆఫీసులో ఉండేవాడివి, నీకు తెలీదు. నేనూ అమ్మా మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఏమీ చేసేవాళ్ళం కాదు. రోజూ.'

లోకనాథం రెండుసార్లు చదివాడు. ఆరుకు ఇల్లు చేరేసరికి మెట్లు తుడిచి ఉండేవి. ఆ మెట్ల మీద రోజూ ఒక గంట గడిచేదని పదమూడేళ్ళ కాపురంలో అతనికి తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఏదో మిగిలి ఉన్నట్టు, అది తన చేతికి ఇప్పుడే అందినట్టు అనిపించింది.

నాలుగూ నలభై.

ప్రతి బల్ల కుడి అంచునా గాజుమూత కింద ఒక మీట ఉండేది. మనిషిమీట. కూర్పరిని కాదని మనిషి మాట నెగ్గించడానికి, భూకంపాలకూ యుద్ధాలకూ పెట్టారు. లోకనాథం చేరాక దాన్ని ఎవరూ తాకలేదు. గాజు మీద ధూళి పేరుకుంది. అతను చొక్కా అంచుతో తుడిచాడు.

"బాబూ." దాలమ్మ పూర్తిగా ఇటు తిరిగింది. "అది నొక్కితే నీ నింపరి ముద్ర పోద్ది."

"తెలుసండీ."

"ముద్ర పోతే ఉద్దోగం పోద్ది."

"పోనివ్వండి. అది ఒక్క గంట అడిగింది దాలమ్మగారూ. నేనిచ్చినవన్నీ అది అడగనివి."

మూత ఎత్తి నొక్కాడు. పెద్ద శబ్దమేమీ రాలేదు. తెర మీద చిన్న గడి తెరుచుకుంది. 'కారణము.'

యుద్ధం అని రాయవచ్చు. తుఫాను అని రాయవచ్చు. అబద్ధాలు రాసే చెయ్యి అతనిది. తొమ్మిదేళ్ళు రాసింది. లోకనాథం ఒక్కొక్క అక్షరమే కొట్టాడు: 'ఆ గంటలో ఏం చేస్తారో ప్రయాణికులకు తెలియదు. తెలియనక్కరలేదు.'

కూర్పరి ఆలోచించడం అతను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. తెర పచ్చబడలేదు, ఎర్రబడలేదు. నీటిరంగులో ఆగిపోయింది. తరువాత ఒక వాక్యం వచ్చింది. 'మనిషి మాటగా స్వీకరించబడినది. ఇకమీదట పాటించబడును.'

ఆరో రోజు సాయంత్రపు ఆ తెల్లటి గంట చుట్టూ పచ్చ గీత పడింది. లోకనాథం వెంటనే బడికి పంపాడు. నాలుగూ యాభై రెండు. యాభై మూడు. యాభై నాలుగుకు మేదిని బొటనవేలి ముద్ర పత్రం అడుగున తేలింది. తొందరలో నొక్కినట్టుంది. కాస్త పక్కకు ఒరిగి ఉంది.

అతను ఊపిరి వదిలాడు. అప్పుడు గమనించాడు, హాలంతా నిశ్శబ్దంగా ఉందని. నలభై బల్లల మీదా టకటకలు ఆగిపోయాయి.

"బాబూ," అంది దాలమ్మ. "నాకేటో అడుగుతోంది."

ఆమె తెర మీద ఎవరిదో పత్రం. ముగ్గురు పిల్లలు, తల్లిదండ్రులు, ఏదో మంచుకొండ. 'ఆశ్చర్యపోవుట, నాలుగు నిమిషాలు' అన్నచోట కూర్పరి ఆగింది. పక్కన రెండు గడులు మెరుస్తున్నాయి. 'ఇది నిజమా? బీడా?'

ముందు వరుసలో ఒకతను 'మంచినీళ్ళు' దగ్గర ఆగిపోయాడు. ఆ వెనక ఒకామె 'చేతులు పట్టుకొనుట' దగ్గర. ఎప్పుడో పంపేసిన పత్రాలు కూడా ఒక్కొక్కటే తిరిగివస్తున్నాయి. నింపినవన్నీ, తొమ్మిదేళ్ళవీ, పాతికేళ్ళవీ, అదే ప్రశ్నతో తిరిగివస్తున్నాయి.

"నాను రాసిందే ఇది," అంది దాలమ్మ. "ఏటి సెప్పమంటావు?"

"నన్నడక్కండి. మీరు రాసిందే కదా."

ఆమె తెర మీదికి వంగింది. "మా నాన్న మూడేల్లకోపాలి ఒక మడి బీడెట్టేసీవోడు," అంది. "ఎందుకు నాన్నా అనడిగితే, ఊరుకోయే, దానికీ ఊపిరాడాల, అనీవోడు." చూపుడువేలు చాచి రెండో గడి నొక్కింది. బీడు.

కాసేపటికి ముందు వరుస నుంచి ఒక టక్కు వినబడింది. తరువాత ఎడమ పక్క నుంచి మరొకటి.

నాలుగూ యాభై ఎనిమిదికి, నింపవలసింది ఇక లేదన్నట్టు, లోకనాథం నడుము పట్టా ఊడిపోయింది. ఆ వేళకు అది ఎన్నడూ ఊడలేదు. దాలమ్మదీ ఊడింది. గొట్టం మూతలోంచి ఉప్పు వాసన దిగుతోంది. సాయంత్రం కూడా దిగుతుందని అతను ఇన్నాళ్ళూ గమనించలేదు. లేచి వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఆపరు. అతను లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏమీ చేయకుండా, ఐదయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.