పదిహేడో చెక్క

"బ్రష్‌తో వేసేదా, గన్‌తో కొట్టేదా?"

రంగుల షాపు కౌంటర్ వెనకున్న అమ్మాయి ఆ ప్రశ్న వేసినప్పుడు వడ్రంగి తలెత్తాడు. ఎత్తకుండా ఉండాల్సింది. మిగతా బతుకంతా ప్రశాంతంగా గడిచిపోయేది.

"స్ప్రే గన్‌తోనండీ. మా ఇంట్లో డైనింగ్ టేబుల్‌కి. పాత రంగు గీకేశాను."

"మీద వేడి గిన్నెలు పెడతారా?"

"పెడతారు."

"నీళ్ళు ఒలకబోస్తారా?"

"మా నాన్నమ్మకి అదే పనండీ."

ఆ అమ్మాయి నవ్వలేదు. సంబంధం వాకబు చేస్తున్నంత శ్రద్ధగా ఇంకో పది ప్రశ్నలు వేసి, చిన్న డబ్బా ఒకటి ముందుకు తోసింది. "ముందు చిన్న చెక్క మీద కొట్టి, ఆరాక తెచ్చి చూపించండి. చూపించకుండా టేబుల్ జోలికెళ్ళారో, మళ్ళీ మా షాపు మెట్లెక్కొద్దు. మా నాన్నగారి రూలు."

మూల కుర్చీలో పేపర్ చదువుతున్న నాన్నగారు అవునన్నట్టు దగ్గారు.

మర్నాడు చెక్క తెచ్చాడు. అద్దంలా ఉంది.

"బ్రహ్మాండం. ఇక టేబుల్ కొట్టేసుకోండి," అంది.

కొట్టేసుకుంటే రేపు ఇక్కడికి రావడానికి పనేముంటుంది? "ఏమోనండీ, మెరుపు కాస్త ఎక్కువైందేమో," అని నోరు జారాడు.

ఇంకేముంది, మొదలైంది భాగోతం. రెండో చెక్కకి మెరుపు తక్కువైంది. మూడోది ఎనామెల్, ఆరేలోపు దోమలు అతుక్కున్నాయి. ఐదోదానికి వాసన. ఎనిమిదో దాంట్లో తన మొహం లావుగా కనిపిస్తోందన్నాడు. తెలుపు మరీ తెల్లగా ఉందని కూడా అన్నాడు మహానుభావుడు. ఆ అమ్మాయి ఓపిగ్గా వినడం, ఇంకో చిన్న డబ్బా ఇవ్వడం.

ఇంట్లో నాన్నమ్మ ఇస్త్రీబల్ల మీద భోంచేస్తోంది.

"ఊరందరి టేబుళ్ళూ రెండ్రోజుల్లో చేసిస్తావు. మనది గీకి నెల్లాళ్ళయింది. దీని మీద తినీ తినీ నేనే మడతలు పడేట్టున్నాన్రా!"

పదహారో చెక్క దగ్గర కొంప మునిగింది. ఆ అమ్మాయినే తలుచుకుంటూ, సగం ఆరిన ఎనామెల్ మీద లాకర్ అనే మెరుపు పూత కొట్టేశాడు. లాకర్‌లోని థిన్నర్ కింది పూతని లేపేసి, పాల మీద మీగడలా ముడతలు తేల్చింది. పనిలో చేరిన మొదటి వారంలో కూడా ఎవరూ చెయ్యని తప్పు.

ఆ అమ్మాయి చెక్కని చూసింది, అతన్ని చూసింది. "మీరు నిజంగా వడ్రంగేనా?"

వడ్రంగి మనసు చివుక్కుమంది.

ఆమె రెండు డబ్బాలు టకటకా పెట్టింది. "ఇది పి.యూ. రంగు. వేడినీ, నీళ్ళనీ, మీ నాన్నమ్మగారినీ తట్టుకుంటుంది. ఇందులో రంగుని గట్టిపరిచే ఈ హార్డెనర్ కలిపాక రెండు గంటలే టైము. తర్వాత గన్‌లోనే రాయైపోతుంది. ఇదీ నచ్చలేదంటే తప్పు రంగుది కాదు. వేరే షాపు చూసుకోండి."

మర్నాడు రంగు కలిపి, పదిహేడో చెక్క మీద కొట్టాడు. వంక పెట్టడానికి ఎక్కడా సందు లేదు. మిగతా రంగు గన్ నిండా ఉంది, టేబుల్ ఎదురుగా ఉంది. కొడితే షాపుకి వెళ్ళే పని లేదు. నచ్చలేదంటే వెళ్ళే వీలే లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గంటన్నర అలాగే నిలబడి, చివరికి మెడలో మాస్కు, ఒక చేతిలో చెక్క, ఇంకో చేతిలో గన్‌తో షాపుకి పరిగెత్తాడు.

"కలిపి ఎంతసేపైంది?" గన్ చూడగానే అరిచింది ఆ అమ్మాయి.

"గంటన్నర పైనే."

"టేబుల్ కొట్టలేదా? ఎందుకు?"

"రంగు బాగుందండీ, అందుకు! మొదటిదీ బాగుంది. పదహారోది తప్ప అన్నీ బాగున్నాయి. టేబుల్ అయిపోతే మిమ్మల్ని చూడ్డానికి నాకు సాకు లేదు. మీరంటే నాకు చాలా ఇష్టం. మానెయ్యమంటే ఇప్పుడే చెప్పండి."

నాన్నగారు పేపర్ దించారు.

"మొదటి చెక్క బాగుందని నాకు తెలీదా?" అందామె. "పెద్ద డబ్బాలుండగా చిన్నవే ఎందుకిచ్చాననుకున్నారు? ఈ మనిషి ఎప్పటికీ నోరు విప్పడేమోనని నిన్న ఎంత ఏడుపొచ్చిందో! ముందు నడవండి, ఇరవై నిమిషాలే ఉంది!"

వీధిలో ముందు గన్‌తో వడ్రంగి, వెనక కొంగు దోపుకుని ఆ అమ్మాయి, ఆ వెనక థిన్నర్ డబ్బాతో నాన్నగారు. ప్రేమ సంగతి తర్వాత, రంగు దండగైతే ఆయన చూడలేరు.

"చెయ్యి ఆపకండి! ఒకే దూరం!" అని ఆమె అరుస్తుంటే వడ్రంగి టేబుల్‌కి పూత కొట్టేశాడు. గన్ కడిగేసరికి రెండు గంటలూ సరిగ్గా నిండాయి. టేబుల్ ధగధగలాడింది.

"ఎవర్రా ఈ పిల్ల?" అంది గుమ్మంలోంచి నాన్నమ్మ.

"పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం నాన్నమ్మా. నువ్వు ఊ అంటే."

నాన్నమ్మ ఆ అమ్మాయిని ఎగాదిగా చూసింది. చూసి, టేబుల్ దగ్గరికి నడిచి, తడి రంగు మీద బొటనవేలు గట్టిగా నొక్కింది.

"అయ్యయ్యో! ముద్ర పడిపోయింది!" ఆ అమ్మాయి గుండెలు బాదుకుంది.

"పడాలనే నొక్కాను. నాకు సంతకం రాదు. ఈ ఇంటికి పెద్దదాన్ని, ఒప్పుకున్నాను." నాన్నమ్మ నాన్నగారి వైపు తిరిగింది. "ఇక నువ్వు నొక్కు నాయనా, ఆరిపోతోంది."

నాన్నగారు జీవితంలో తడి రంగు ముట్టుకుని ఎరగరు. కూతురి మొహం చూశారు. కళ్ళు మూసుకుని, ఆ ముద్ర పక్కనే తన వేలు నొక్కారు.

అంత మంచి పూత పాడైందే అని వడ్రంగి అలవాటుగా థిన్నర్ గుడ్డ అందుకోబోయాడు.

"తుడిచావంటే ఊరుకోను!" అంది ఆ అమ్మాయి, గుడ్డ లాగేసుకుంటూ. అతన్ని ఆమె నువ్వు అనడం అదే మొదలు.