మెట్ల కింద గదిలో తెల్ల చెయ్యి

మా పిన్నీవాళ్ళు ఉండే మూడంతస్తుల ఇంట్లో మెట్ల కింద ఒక గది ఉంది. చీకటి పడ్డాక దాని ముందునుంచి ఎవరూ ఒంటరిగా నడిచేవాళ్ళు కారు.

నిజానికి అది గది కూడా కాదు. మెట్లు పైకి పోగా మిగిలిన సందు. నిలబడితే నెత్తికి తగులుతుంది. దానికో రేకు తలుపు, గొళ్ళెం. తాళం లేదు — ఎత్తుకుపోవడానికి అందులో ఏముంది గనక? కుక్కరు పోయి మూత మిగిలినవాళ్ళు మూత తెచ్చి అక్కడ పెట్టారు. మూత పోయినవాళ్ళు కుక్కరు పెట్టారు. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోవు. ఊచలు విరిగిన గొడుగులు, కాలు ఊడిన కుర్చీ, ఏ తాళానివో తెలియని తాళంచెవులు, ఒంటి చెప్పు... "ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నవాళ్ళే అందరూ. ఎప్పుడన్నది చెప్పినవాళ్ళు మాత్రం లేరు.

ఆ గదిలో తెల్లవారుజామున చప్పుడు వస్తోందని మొదట అన్నది వాచ్‌మన్. గర్... గర్... అని గోటితో గోడ గీరినట్టు. ఎలకలే అని కొట్టిపారేశారు.

తర్వాత వాచ్‌మన్ భార్య చూసింది.

నీళ్ళ మోటారు వెయ్యడానికి లేచిందట. రేకు తలుపు బెత్తెడు తెరిచి ఉంది. ఆ సందులో — చెయ్యి. చిన్నపిల్లాడి చెయ్యి. సున్నం కొట్టినట్టు తెల్లగా. మోచేతిదాకా ఉంది. మోచేతి తర్వాత... ఏమీ లేదు.

ఆవిడ మోటారూ వెయ్యలేదు, కేకా వెయ్యలేదు. గోడ పట్టుకుని ఎలా వెనక్కొచ్చిందో ఆవిడకే తెలియదు. నాలుగు రోజులు మంచం దిగలేదు.

ఇక చూడండి. పాల ప్యాకెట్లవాడు గేటు బయటే సంచి తగిలించి పోవడం మొదలుపెట్టాడు. పైవాటా పెద్దాయన సాయంత్రం షికారు మానేశాడు.

మా పిన్ని ఆసుపత్రిలో నర్సు. శవం పక్కన కూర్చుని టీ తాగగలిగిన మనిషి. ఈ కబురు విని నవ్వేస్తుందనుకున్నారు అందరూ. నవ్వలేదు. వాచ్‌మన్ భార్య మంచం దగ్గరికెళ్ళి కూర్చుని, మెల్లగా ఒక్కటే అడిగింది.

"ఏ చెయ్యి?"

ఎడమ చెయ్యిలాగే ఉందమ్మా, అంది ఆవిడ.

పిన్ని లేచి వచ్చేసింది.

పిన్నికి ఒక్కడే కొడుకు. మేమందరం బుజ్జిగాడనేవాళ్ళం. ఒకసారి పక్కింటి గోడ మీంచి పడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టు వేశారు. ఎముక అతుక్కుంది, పిన్నే దగ్గరుండి కట్టు కోయించింది. వాడు మళ్ళీ గోడలెక్కడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత వచ్చిన వానల్లో జ్వరం పట్టుకుంది. తను పనిచేసే వార్డులోనే, తన చేతుల్లోనే... తగ్గలేదు.

ఇంటికి వచ్చాక పిన్ని వాడి బట్టలు, పుస్తకాలు, బూట్లు అన్నీ మూటగట్టి అనాథ పిల్లల ఇంటికి పంపించేసింది. వాడి వస్తువు ఒక్కటి కంట పడినా నేను బతకనని బాబాయ్‌తో చెప్పింది. బాబాయ్ సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్‌తోనే మాట్లాడతాడు, ఇంట్లో నోరు పెగలదు. సరేనన్నాడు. అంతే, ఆ ఇంట్లో మళ్ళీ బుజ్జిగాడి మాట ఎవరూ ఎత్తలేదు. పిన్ని నిద్రమాత్ర వేసుకుని పడుకునేది. ఆవిడ లేచేసరికి బాబాయ్ మొదటి బస్సు తీసి వెళ్ళిపోయి ఉండేవాడు. ఒకే కప్పు కింద ఇద్దరు అద్దెకున్నట్టు ఉండేవాళ్ళు.

దెయ్యం గొడవ పడలేక ఇంటి ఓనరు ఆ గది ఖాళీ చేయించేస్తానన్నాడు. మర్నాడు పొద్దున్నే పాత సామాన్లవాడు వస్తున్నాడు. పీడ పోతుందని అందరూ సంబరపడ్డారు. సాయంత్రం వెలుతురుండగానే ఒక్కొక్కరే దిగివచ్చి, మా గొడుగొక్కటి ఉంచండి, మా కుర్చీ జోలికి పోకండి అని వాచ్‌మన్‌కి చెప్పి వెళ్ళారు.

ఆ రాత్రి పిన్ని మాత్ర వేసుకోలేదు.

కళ్ళు మూసుకుని పడుకుంది. ఎప్పుడు మాగన్నుగా పట్టిందో, మెలకువ వచ్చేసరికి పక్కన బాబాయ్ లేడు. డ్యూటీకి వెళ్ళిపోయాడనుకుంది. ఇల్లంతా నిశ్శబ్దం...

గర్... గర్...

లేచింది. చెప్పులు వేసుకోలేదు. లైటు వెయ్యలేదు. గోడ తడుముకుంటూ ఒక్కో మెట్టే దిగింది.

"భయం వెయ్యలేదా పిన్నీ?" అని, తర్వాత ఆవిడ ఇదంతా చెబుతుంటే అడిగాను నేను.

"ఎందుకు వెయ్యదురా? నేను దిగేలోపు వెళ్ళిపోతాడేమోనని భయం."

కింద రేకు తలుపు ఓరగా ఉంది. పిన్ని ఊపిరి బిగబట్టి నిలబడింది. లోపల చప్పుడు ఆగింది. అప్పుడు... గుసగుసగా ఎవరో మాట్లాడుతున్నారు.

"దురద ఇక్కడేనా నాన్నా?... ఇంకొంచెం కిందికా?... ష్, నవ్వకు. అమ్మ లేస్తుంది."

పిన్ని తలుపు లాగింది.

ఖాకీ యూనిఫారంలో, మోకాళ్ళు గుండెలకి ముడుచుకుని, ఆ చెత్తంతటి మధ్య బాబాయ్ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో బుజ్జిగాడి పిండికట్టు. నిలువునా కోసిన గాటు విడిపోకుండా పురికొస చుట్టి ఉంది. కుడిచేతిలో స్వెట్టరు అల్లే సూది.

బాబాయ్ దొంగలా చూశాడట. దీన్నొక్కదాన్నీ పంపలేకపోయాను, అన్నాడు. బట్టలు వేరే పిల్లలు తొడుక్కుంటారు, పుస్తకాలు చదువుకుంటారు, దీన్ని ఎవరు తీసుకుంటారు? ఇంట్లో పెడితే నీ కంట పడుతుంది. ఇక్కడైతే ఎవరూ ఏదీ పారెయ్యరు కదా అని పెట్టాను. ఇప్పుడు తెల్లారితే ఆ సామాన్లవాడు వస్తాడు, ఎక్కడ దాచాలో తోచలేదు...

కట్టు ఉన్న రోజుల్లో లోపల దురదని వాడు ఏడ్చేవాడట. సూదులవీ దూర్చవద్దు, పుండవుతుందని పిన్ని గట్టిగా చెప్పింది. అందుకని పిన్ని లేవకముందే, బాబాయ్ బస్సుకి వెళ్ళబోయే ముందు, తండ్రీకొడుకులిద్దరూ వంటింట్లో నక్కి ఈ పని చేసేవాళ్ళు.

"తెలిస్తే చంపేసేదాన్ని," అంది పిన్ని.

"అందుకే చెప్పలేదు," అన్నాడు బాబాయ్.

అప్పుడు ఏడ్చారట ఇద్దరూ. వాడు పోయాక కలిసి ఏడవడం అదే మొదటిసారి. ఆ రోజు మొదటి బస్సు ఆలస్యంగా కదిలింది.

బాబాయ్ వెళ్ళాక పిన్ని ఆ కట్టు పైకి తెచ్చుకుంది. మంచం మీద కూర్చుని, అరచెయ్యి ఉండే చోట రెండు వేళ్ళు లోపలికి పెట్టింది.

లోపల వెచ్చగా ఉంది.

బాబాయ్ అంతసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు కదా పిన్నీ, అన్నాను.

పిన్ని తల అడ్డంగా ఊపింది. "ఒళ్ళో వేడి నాకు తెలియదా? ఇన్నేళ్ళుగా ఎన్ని చేతులు పట్టి చూశాను... అది జ్వరంరా."

అందుకని తడిగుడ్డ వేసిందట. ఆరినకొద్దీ మళ్ళీ తడిపి వేస్తూ, కిటికీలో వెలుగు వచ్చేదాకా అలాగే కూర్చుందట. ఆ తర్వాత మళ్ళీ వేళ్ళు పెట్టి చూసింది.

నాతో చెబుతున్నప్పుడు కూడా పిన్ని మొహంలో ఒక తేలిక.

"తగ్గిందిరా," అంది.