జాలీ మీద తడిగోనె

దుర్గాభవాని నాతో అన్న మొట్టమొదటి మాట, "ఏటండీ, మీ కంప్యూటర్‌కి జ్వరమా?"

నేను పుణెలో ఏసీ గదిలో ఉన్నాను. ఆవిడ శ్రీకాకుళంలో ఆటో వెనక సీట్లో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఉంది. మా కంపెనీ కొత్త ఆటో ఇంజిన్‌ని కంప్యూటర్‌లో నడిపి చూసేది నేను. అదే ఇంజిన్‌కి వేడి కొలిచే తీగలు బిగించి, జనం ఎక్కే ఆటోల్లో రోడ్డు మీద తిప్పి చూసేది ఆవిడ.

"జ్వరం మీ తీగలకి," అన్నాను.

"మా తీగలు బానే ఉన్నాయి. రెండొందల ముప్పై డిగ్రీలు సూపిస్తన్నాయి. మీరు నూట తొంభై అన్నారు. నలభై డిగ్రీలు ఏ గాలికి కొట్టుకుపోనాయి?"

ఆ 'పోనాయి' వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. పుణెలో మూడేళ్లుగా ఆ మాట విన్నవాణ్ణి కాదు.

"మీది మనవైపేనా?" అన్నాను.

"పాతపట్నం. మీది?"

"శ్రీకాకుళం. టౌనే."

అదిగో, అక్కడే చెడింది. నాది కళింగపట్నం. మా నాన్న సోములు పడవ మీద వేటకెళ్తాడు. మా అమ్మ లక్ష్మణమ్మ పొద్దున్నే గంప కట్టుకుని ఆటోలో శ్రీకాకుళం బజారుకి చేపలు అమ్మడానికి వెళ్తుంది. విజయనగరంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్ గదిలో నేను బ్యాగు తెరిస్తే ఒకడు ముక్కు మూసుకునేవాడు. 'చేపల హరిబాబు' అని పేరు పెట్టాడు. అప్పట్నుంచి ఎవరడిగినా టౌనే అనడం అలవాటైపోయింది.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇంజిన్ లోపల మంట ఒక లెక్క. ఆ వేడికి లోహం సాగడం ఒక లెక్క. సాగిన లోహం రాసుకోవడం ఇంకో లెక్క. బయటి గాలి దాన్ని చల్లార్చడం మరో లెక్క. ఒకప్పుడు ఎవరి లెక్క వాళ్లు చేసుకునేవారు. మేం అన్నీ కలిపి ఒకేసారి నడుపుతాం. ఒకటి కాస్త మారిందంటే మిగతావన్నీ కదులుతాయి.

నలభై డిగ్రీల తగువు తేలలేదు గానీ, రోజూ నాలుగింటికి ఫోన్ మాత్రం ఖాయమైపోయింది.

"ఈరోజు మీ కంప్యూటర్ ఏం తిన్నాది?"

"మీ రీడింగులు. అరగలేదు."

"వాము నీళ్లు పట్టండి."

వీడియోలో కనిపిస్తే ఆవిడ జుట్టంతా గాలికి రేగి, నుదుటి మీద హెల్మెట్ గుర్తు ఉండేది. వాన పడితే ఫోన్ బయటికి పెట్టి, "వినండి, మనూరి వాన," అనేది. నేను నిజంగానే వినేవాణ్ణి. చుట్టూ పదిమంది స్క్రీన్లు చూసుకుంటుంటే నేనొక్కణ్ణీ కళ్లు మూసుకుని ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చునేవాణ్ణి.

జూన్‌లో ఓ రోజు గొంతులో సంబరంతో ఫోన్ చేసింది.

"దొరికిందండీ. పొద్దున్న కళింగపట్నం నుంచి వచ్చేటప్పుడే వేడి. సాయంత్రం ఎల్లేటప్పుడు లేదు. ఎందుకో తెలుసా? పొద్దున్న చేపలమ్మలు వెనకాల గంపలు కడతారు. చేప వాడిపోకుండా తడిగోనె కప్పుతారు. ఆ గోనె ఇంజిన్‌కి గాలి పోయే జాలీ మీద వేలాడతాది. ఇంక ఇంజిన్‌కి గాలెక్కడిది? మీ లెక్కలో ఖాళీ ఆటో పెట్టారు కదా. గోనె కూడా పెట్టండి."

పదేళ్ల వయసు నుంచీ ఆ గోనె తడిపింది నేను. ఆ ముడి వేసింది నేను.

మర్నాడు మీటింగ్‌లో ఆవిడ అదే చెప్పింది. ఎవరో నవ్వారు. ఇంజిన్ కూడా ముక్కు మూసుకుంటుందని ఇంకొకరు జోకేశారు. పదకొండు మంది నవ్వులు అయ్యాక మా మేనేజర్ నావైపు తిరిగాడు.

"హరీ, నీది అక్కడేగా. నిజంగా అలా కడతారా?"

నా చెవుల్లో ఆ హాస్టల్ గది మోగింది.

"లేదు సార్. నేనెప్పుడూ చూడలేదు. సెన్సార్ లూజయి ఉంటుంది," అన్నాను.

స్క్రీన్ మీద భవాని నన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత కెమెరా ఆపేసింది.

వారం తిరక్కుండా టెస్టింగ్ ఆపేశారు. ఆవిణ్ణి విజయనగరం షోరూమ్‌లో సర్వీస్ కౌంటర్ దగ్గర కూర్చోబెట్టారు. ఒక్క మెసేజ్ వచ్చింది: "తీగలు విప్పేశాను. ఉంటానండీ."

ఇంక రోజూ నాలుగయ్యేది, ఫోన్ మాత్రం వచ్చేది కాదు. నేను చేస్తే ఎత్తేది కాదు. పాత వాయిస్ మెసేజ్‌లు పెట్టుకుని వినేవాణ్ణి. సగం ఆటో మోత, సగం ఆవిడ తిట్లు. పుణెలో ఆ ఏడు వాన బాగా పడింది. నాకు ఒక్క చినుకు కూడా నచ్చలేదు. నాకు ఆవిడ కావాలి. ఆ మాట చెప్పడానికి నాకు మొహం లేదు. ఇలా నాలుగు నెలలు గడిచాయి.

అక్టోబర్‌లో ఓ పొద్దున్న అమ్మ ఆటోలోంచి ఫోన్ చేసింది.

"ఒరే బాబూ, తిన్నావేటి?"

"ఇంకా లేదమ్మా."

"ఏటో రా, మనసు బానేదు. మా బండిలో ఇంజిన్ పాప ఒకత్తి వచ్చేది. తీగలెట్టుకుని నా పక్కనే కూసునేది. మంచి పిల్ల, బంగారు గుంట. నాలుగు నెల్లై రాలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసినాది, ఎవడో పెద్దాఫీసరు ఆ గుంట సెప్పింది అబద్ధమనేసినాడంట. పని తీసేసినారు. ఆడి నోట్లో మట్టి పడ."

నేను కుర్చీలోంచి లేచాను.

"ఆ పాపకి నా గురించి చెప్పావా అమ్మా?"

"సెప్పకేం? మాఘంలోనే నీ ఫొటో సూపించినాను. నా కొడుకు కూడా కంప్యూటర్‌లో ఇంజిన్లు నడుపుతాడమ్మా అన్నాను. తెల్లబోయి సూసింది. ఎవరికీ సెప్పకు పిన్నీ, ఆయనే సెప్తాడులే అన్నాది. ఏటి సెప్తావురా?"

మాఘం నుంచి ఆవిడకి అన్నీ తెలుసు. నేనెప్పుడు చెప్తానా అని రోజూ నాలుగింటికి ఎదురు చూసింది. చివరికి నేను మీటింగ్‌లో పదకొండు మంది ముందు చెప్పింది ఏమిటంటే, గంప ఎప్పుడూ చూడలేదని.

"అమ్మా, ఆ ఆఫీసరు నోట్లో మట్టి పడాల్సిందే," అని ఫోన్ పెట్టేశాను.

ఆ రోజే కంప్యూటర్‌లో ఆటో వెనక గంప కట్టాను, జాలీ మీద గోనె కప్పాను. గాలి తగ్గింది. వేడి పెరిగింది. లోహం సాగింది, సందు ఇరుకైంది, రాపిడికి ఇంకా వేడెక్కింది. పందొమ్మిది గంటలు నడిచి చివరికి అంకె ఇచ్చింది. రెండొందల ముప్పై ఒకటి.

రిపోర్టు అందరికీ పంపాను. 'కొలత సరైనది. తప్పు చెప్పింది నేను. ఆ గంపల్లో ఒకటి మా అమ్మది. చిన్నప్పుడు నేనే కట్టేవాణ్ణి.'

మేనేజర్ పిలిచి గంటసేపు తిట్టాడు. నాలుగు నెలలు వృథా చేశావన్నాడు. ఆ తర్వాత జాలీని పైకి మార్చే డిజైన్ నాకే ఇచ్చాడు. భవానిని టెస్టింగ్‌కి తిరిగి పిలిచారు. నాకు మాత్రం ఆవిడ దగ్గర్నుంచి ఒక్క అక్షరం కూడా రాలేదు.

సెలవు పెట్టి ఊరొచ్చాను. పొద్దున్నే గోనె తడిపి, అమ్మ గంప నేనే కట్టాను. డ్రైవర్ నూకయ్య నన్ను ఎగాదిగా చూశాడు. లోపల అమ్మ పక్కన తీగలు, లాప్‌టాప్‌తో భవాని. నన్ను చూసి తల దించుకుంది. నేను నూకయ్య పక్కన ఇరుక్కున్నాను.

గార ఊరు దాటాక సన్నగా వాన మొదలైంది. తీగ చూడాలని భవాని బండి ఆపించింది. నేనూ దిగి వెనక్కి వెళ్లాను. చినుకుల్లో గంప మీద వేలు పెట్టి, లోపలున్న వాళ్లందరికీ వినపడేలా అడిగింది.

"ఈ గంప ఎవరిదండీ?"

"మా అమ్మది," అన్నాను. "ముడి వేసింది నేను. మాది కళింగపట్నం."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తీగలు విప్పినందుకు కాదండీ నా బాధ. ఆ ఫొటో సూపించినప్పుడు మీ అమ్మ ఎంత మురిసిపోయిందో నేను సూసాను. ఆవిడ గంపనే మీరు లేదన్నారు. రేపు నన్నూ లేదంటారేమోనని భయమేసింది."

"అనను. నాలుగు నెలలు నాలుగింటికి ఫోన్ రాకపోతే ఎలా ఉంటుందో చూశాను. ఇంక నావల్ల కాదు. నువ్వంటే నాకు ఇష్టం భవానీ."

"మా నాన్నకి పొలం, పరువు రెండూ ఎక్కువే. మీవాళ్లు వేటకెళ్తారని తెలిస్తే నాలుగు రోజులు అన్నం మానేస్తాడు."

"ఐదో రోజు?"

"నేను మానేస్తాను. అప్పుడు ఆయన తింటాడు."

లోపల్నుంచి అమ్మ తల బయటికి పెట్టింది. "ఒరే, ఆ గుంటని తడిపేస్తన్నావు. పాపా, ఆ ఆఫీసరు ఎవడో దొరికినాడేటి?"

"దొరికాడు పిన్నీ. ఇదిగో."

అమ్మ నన్నోసారి, ఆవిణ్ణోసారి చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా తిట్టు నేను ఎనక్కి తీసుకుంటాను," అంది నెమ్మదిగా. "కాని ఈడు నీకు సేసిందానికి నువ్వేటి సేస్తావో నీ ఇష్టం."

భవాని బండెక్కింది. అమ్మ పక్కన కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. దారి పొడుగునా నేను వెనక్కి తిరుగుతూనే ఉన్నాను, నూకయ్య నా మోకాలు మీద కొడుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం కళింగపట్నం ఒడ్డున నాన్నతో వల విప్పుతున్నాను. నాలుగైంది. చొక్కా జేబులో ఫోన్ మోగింది.

"ఏటి," అంది భవాని. "తిన్నావేటి?"