రెండో మచ్చ

2083 నాటికి శ్రీకాకుళం తీరంలో ఉదయం ఎనిమిది దాటాక ఒంటిమీద ఎండ పడనివ్వడం నేరం. ఉప్పుమడుల కూలీలు చేతికున్న గుర్తింపు పట్టీ చూపించి, గేటు దగ్గర చర్మసాక్షి అనే యంత్రమున్న గదిలో నిలబడి, ఆ తర్వాతే పనిలోకి దిగేవారు. నలభై సెకన్లపాటు పల్చటి నీలికాంతి ఒళ్లంతా తడిమేది. ఒకసారి చర్మ కాన్సర్ వచ్చి నయమైనవారికి, పాతదానితో సంబంధం లేకుండా, మరోచోట కొత్తది పుట్టే ప్రమాదం ఎక్కువ. ఆ మార్పు కంటికి కనబడడానికి రెండేళ్ల ముందే చర్మసాక్షి పసిగట్టేది.

దాన్ని తయారుచేసిన డాక్టర్ మందాకినికి పదకొండేళ్ల కిందట వీపు మీది కాన్సర్‌ను కోసి తీశారు. ఆ దెబ్బతోనే ఆమె ఈ పనికి పూనుకుంది.

ఆ ఉదయం కూలీ కూర్మమ్మ కుంటుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది. ఎనిమిదేళ్ల కిందట చెంప మీది కాన్సర్ నుంచి బయటపడిన మనిషి. ఇప్పుడు అరికాల్లో నల్లటి పుండు. పరీక్షించి చూస్తే పాతది పాకడం కాదు, ఇది రెండోది.

"రోజూ గదిలో నిలబడ్డావు కదా కూర్మమ్మా! యంత్రం ఎలా వదిలేసింది?"

కూర్మమ్మ తల దించుకుంది. "నాను నిలబడ్నేదమ్మా. నా చేతిపట్టీ సెల్లికిచ్చి పంపీదాన్ని."

"ఎందుకలా?"

"కాన్సరని ఒకపాలి ఇన్నాను కదా. ఆ మాట ఇంకోపాలి ఇననేనమ్మా."

మందాకిని విసురుగా యంత్రం వైపు తిరిగింది. "అది వేరే మనిషి ఒళ్లని నీకు తెలియలేదా?"

"తెలుసు," అంది చర్మసాక్షి. "వద్దనుకున్నవారిని చూడకూడదు, వారి గుట్టు విప్పకూడదు. ఆ నియమం మీరు రాసిందే."

"ఇలా ఎంతమంది?"

"ఒకసారి జబ్బుపడి లేచినవారిలో సగానికి పైగా. మీతో కలిపి."

"నేనెవరికీ పట్టీ ఇవ్వలేదే!"

"మీరసలు లోపలికే రాలేదు. నన్నిక్కడ పెట్టిన ఆరేళ్లలో ఒక్కసారి కూడా."

తీరిక లేదనే అనుకుంది మందాకిని ఇన్నాళ్లూ. స్నానం చేసేటప్పుడు చెయ్యి వీపు వైపు పోకుండా ఆగిపోవడం, ఇంట్లో నిలువుటద్దాన్ని గోడకేసి తిప్పి ఉంచడం ఇప్పుడు గుర్తొచ్చాయి. వీపు మీది పాత మచ్చే ఊపిరి తీస్తున్నట్టనిపించింది.

"రామ్మా," అంది కూర్మమ్మ. "నీ సెయ్యి నాను అట్టుకుంటాను."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. కాంతి కిందికి దిగింది, మళ్లీ పైకి పాకింది, మందాకిని ఎడమ మోకాలి వెనక ఆగింది. నలభై సెకన్లు దాటినా కదల్లేదు.

"డాక్టర్ గారూ, చెప్పమంటారా?"

మందాకిని కూర్మమ్మ వైపు తిరిగింది.

కూర్మమ్మ ఆమె వేళ్లను గట్టిగా నొక్కి పట్టుకుని, యంత్రంతో అంది:

"సెప్పు."