వాగు మట్టాలు, మూడడుగుల కేబుల్

ఆ రోజు పొద్దున మబ్బు కురవలేదు, తేలిపోనూ లేదు. వాగు గట్టు మీది కొలతల ఆఫీసు దాకా నా వెంటే వచ్చి అక్కడ ఆగింది.

నేను పాత కంప్యూటర్లు బాగుచేస్తాను. ఆ ఆఫీసులో వాగు నీటిమట్టం దాచుకునే యంత్రం ఒకటుంది. ముప్పై ఆరేళ్ల మట్టాలు దాని పొట్టలో ఉన్నాయి. సాయంత్రం నాలుగున్నరకు దాన్ని తుక్కు లారీ ఎక్కిస్తారు. ఈలోగా అవన్నీ నా కంప్యూటర్లోకి దింపాలి.

మట్టాలు చూసే అమ్మాయి గుమ్మంలోనే నన్ను ఆపింది.

"ఆ బురద కాళ్లతో లోపలికా?"

"బూట్లు విప్పేస్తానండీ."

"సాక్సులూ అలాగే ఉన్నాయి. వరండాలో కూర్చోండి."

"కేబుల్ అందదు."

"పొడుగుది లేదా? రిపేరుకొచ్చారా, చుట్టపుచూపుగా వచ్చారా?"

ఉంది. నలభై అడుగులది. కిటికీలోంచి లోపలికి లాగాను. లోపల వాళ్ల పెద్దమ్మ నవ్వింది. ఈ అమ్మాయి కంటే ముందు ముప్పై ఏళ్లకు పైగా ఆ ఉద్యోగం చేసింది ఆవిడే. యంత్రాన్ని సాగనంపడానికి క్యారియర్ పట్టుకుని వచ్చింది.

"ఎంతసేపు పడుతుంది?" అంది అమ్మాయి కిటికీలోంచి.

"ఈ తీగలో సెకనుకు తొమ్మిది వేల ఆరు వందల బిట్లు పోతాయి. అక్షరానికి ఎనిమిది. అంటే సెకనుకు పన్నెండు వందల అక్షరాలు. మీ ఏడాది మట్టాలు నాలుగు లక్షల ఎనభై వేల అక్షరాలు. ఏడాదికి ఆరు నిమిషాల నలభై సెకన్లు. పన్నెండుకు మొదలెడితే నాలుగుకల్లా అయిపోతుంది."

"నోటిలెక్కేనా?"

"నోటిలెక్కే."

అప్పుడు మొదటిసారి కళ్లెత్తి చూసింది. నాలుగు మాటలు కలిపి మాట్లాడే మనిషిని కాను. అంకెలైతే నోరు పెగులుతుంది.

ఒంటిగంటకు మళ్లీ కిటికీ దగ్గరికొచ్చింది, చేతిలో నోటుబుక్కుతో.

"మీ లెక్కన ఈపాటికి తొమ్మిదేళ్లు రావాలి. ఏడే వచ్చాయి."

"మీ గోడ గడియారం..."

"దాని మీదికి నెట్టకండి."

స్క్రీన్ చూశాను. ఏడాదికి ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు పడుతోంది.

"తప్పు నాదేనండీ. ఈ పాత తీగలో అక్షరం ఒంటరిగా పోదు. ముందొక బిట్టు, వెనకొక బిట్టు తోడు వెళ్తాయి. ఎనిమిదితో కాదు, పదితో భాగించాలి. అన్నీ దిగేసరికి సాయంత్రం అయిదవుతుంది."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పోయినేడు నీళ్లు మా గడప దాటాయి," అంది నెమ్మదిగా. "వరదకట్ట ఎంత ఎత్తు కట్టాలో వీటిని బట్టే తేలుస్తారట. వరసగా ముప్పై ఆరేళ్లూ ఉండాలట. ఒక్కటి తగ్గినా తీసుకోరు."

దింపడం ఆపి, వేగం రెట్టింపు చేసి గంటసేపు రకరకాలుగా చూశాను. అంకెల మధ్య పిచ్చి గుర్తులు పడ్డాయి.

"ఈ పొడుగు కేబుల్ అంత వేగం మొయ్యలేదు. మూడడుగులది ఉంది, కానీ..."

"కానీ?"

"నేను లోపలికొచ్చి యంత్రం పక్కనే కూర్చోవాలి."

"రానివ్వవే," అంది పెద్దమ్మ. "నాయనా, కుళాయి అదిగో. కాళ్లు కడుక్కునిరా."

గదిలో ఉన్నది ఒక్క బెంచీ. ఒక్కో ఏడాది మొదట్లో యంత్రం మీట ఆమె నొక్కాలి, నాది నేను నొక్కాలి. కేబుల్ మూడడుగులే. ఆమె మోచెయ్యి నా మోచేతికి తగులుతూనే ఉంది. ఇద్దరం తగలనట్టే ఊరుకున్నాం. రెండుంపావుకు మొదలెట్టేసరికి బయట వాన అందుకుంది.

"ఏడాదికి నాలుగు నిమిషాల పది సెకన్లు," అన్నాను.

"ఈసారి పదితోనే భాగించారా?"

"పదితోనే."

కొన్నేళ్లు వెళ్లాయి. మీట నొక్కబోతూ నవ్వింది.

"ఈ ఏడాదే నేను పుట్టాను."

"నాది ఇందాకే వెళ్లింది. మూడేళ్ల క్రితం."

ఒక్క క్షణం పెదవులు కదిలించి లెక్కేసుకుంది. "అయితే మీరు నాకంటే పన్నెండున్నర నిమిషాలు పెద్ద."

నోటిలెక్కే. సరిగ్గా వేసింది. ఆ మాటకు బదులు చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది.

"పన్నెండున్నర నిమిషాలు మీ కోసమే కూర్చున్నాననుకోండి."

ఆమె మీట నొక్కడం మరిచిపోయింది.

"ఏమే, ఆ ఏడాది వాగు ఎండిపోయిందా?" అంది పెద్దమ్మ వెనక నుంచి.

చివరి ఏడాది వచ్చేసరికి నాలుగుంపావు దాటింది. ముప్పై ఆరూ సరిచూశాం. లారీ వచ్చింది. యంత్రాన్ని మోసుకెళ్తుంటే పెద్దమ్మ గుమ్మం దాకా దాని మీద చెయ్యి వేసి నడిచింది.

"రేపు కూడా రానా?" అన్నాను.

"రేపేం పనుంది?"

"పనేం లేదండీ."

"అయితే పొద్దున్నే రండి."

పెద్దమ్మ తిరిగొచ్చి క్యారియర్ విప్పింది. పొద్దుట్నుంచి ఎవరూ తినలేదు. తెచ్చినవి రెండే కంచాలు. మూత తిరగేసి నాకు పెట్టింది. యంత్రం ఉన్నచోటే నేల మీద కూర్చున్నాం. నేను సగం తినకముందే ఆవిడ అడక్కుండా మళ్లీ వడ్డించింది. అమ్మాయి తలెత్తలేదు గానీ, నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.