నీలం కోటు వీడియో

పొయ్యి మీద కాఫీ నీళ్లు మరుగుతుండగానే కూతురు ఫోను పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, పదకొండు వేల మంది చూశారే మన కొట్టుని!"

ఇంటి ముందుగదే వాళ్ల కుట్టు కొట్టు. వీధంతా తల్లిని కుట్టుపిన్ని అంటారు. రెడీమేడ్ షాపులు వచ్చాక మిషను చప్పుడు పూటకో గంటకు పడిపోయింది. కొట్టు మూసేద్దామని ఆమె అన్ననాడే కూతురు అడ్డం పడి, కొట్టు పేరుతో పేజీ తెరిచింది. మూడు నెలలు గుండీల ఫొటోలూ కాజాల ఫొటోలూ పెడితే చూసినవాళ్లు ఇద్దరే. ఒకరు తను, ఇంకొకరు నాన్న.

"అందులో పదివేలసార్లు నేనే చూసుంటా," అన్నాడు తండ్రి, ఇస్త్రీపెట్టె దించకుండానే.

కుట్టుపిన్ని నవ్వుతూ ఫోను అందుకుంది. నిన్న రాత్రి కూతురు పెట్టిన వీడియోలో, కుట్టడం పూర్తయి వేలాడుతున్న బట్టల వరుస మెల్లగా జరుగుతోంది. చీర మీద వేసుకునే నీలం కోటు దగ్గర ఆమె నవ్వు ఆగిపోయింది. కోటు మెడకు గుచ్చిన చీటీ మీద తన చేతిరాతే. 'టీచరు. కుడి భుజం రెండు వేళ్లు పల్లం. దూది ఎక్కించాలి.'

ఆమెకు పేర్లు గుర్తుండవు, ఒళ్లు గుర్తుంటాయి. అందుకే చీటీల మీద ఒంటి లోపాలే రాసుకుంటుంది. మొదటినుంచీ అదే పద్ధతి.

కింద కామెంట్లు. 'ఏ టీచరు?' 'మా లెక్కల మేడమే!' 'ఓహో, దూది భుజమా!'

"తీసెయ్యి."

"అమ్మా, ఇప్పుడిప్పుడే జనం చూస్తుంటే..."

"తీసెయ్యమన్నానా! ఆవిడ పదిహేనేళ్లుగా నా దగ్గరికొచ్చేది కోట్ల కోసమనుకున్నావా? నలుగురిలో తలెత్తుకు తిరగడానికి! నీ పేజీ తగలెయ్య, ఆమెను బజార్న నిలబెట్టావు కదే!"

"చీటీ చూడలేదమ్మా. కొట్టు నిలబడాలనేగా నా తాపత్రయం..." అంటూనే కూతురు వీడియో తీసేసింది. చూసిన కళ్లలోంచి తియ్యడం ఎలాగో ఎవరికీ తోచలేదు.

ఎనిమిదిన్నరకి గుమ్మంలో చెప్పుల చప్పుడయింది. టీచరే. బడికి బయల్దేరే వేళ ఆమె ఇటు రావడం ఎన్నడూ లేదు. కుట్టుపిన్ని గుమ్మందాకా ఎదురెళ్లింది.

"రా వదినా, కూర్చో. మా పిల్ల తెలీక..."

"పిల్లనేం అనకు. బడిపిల్లలు నవ్వితే నవ్వుతారు, రేపటికి మరిచిపోతారు." టీచరు వేలాడుతున్న కోటు వైపు చూసింది. "నీకు నా కష్టం సుఖం అన్నీ చెప్పుకున్నాను. ఇన్నేళ్లకీ నీ దగ్గర నేను కుడి భుజమేనా?"

పొద్దుటినుంచి కూతురి మీద విరుచుకుపడిన కుట్టుపిన్ని, మెడలోని టేపు చేతుల్లో నలుపుతూ నిలబడిపోయింది.

"రాసింది నేనే వదినా," అంది చివరికి. "తప్పు నాది."

"చూసుకోకుండా ఊరంతా చూపించింది నేను అత్తయ్యా," అంది కూతురు వెనకనుంచి.

తండ్రి తెచ్చి వేసిన కుర్చీలో టీచరు కూర్చోలేదు. కోటు అడిగి తీసుకుని, అక్కడే తొడుక్కుంది. గుమ్మం దిగుతూ ఆగింది.

"వచ్చే నెల ఇంకోటి కుట్టాలి. గుడ్డ ఎవరితోనైనా పంపిస్తాను." రెండడుగులు వేసింది. "వద్దులే. నేనే తెస్తాను."

ఆమె మలుపు తిరిగేదాకా చూసి, కుట్టుపిన్ని మిషను ముందు కూర్చుంది.

"ఆ ఫోను నాకేసి పెట్టి వీడియో తియ్యి."

"ఏం చెప్తావు?"

"మన కొట్టుకొచ్చినవాళ్ల ఒంటి సంగతి గుమ్మం దాటకూడదు, నా వల్ల దాటిందని చెప్తా. ఎవరిదో చెప్పను."

"అది విన్నాక ఎవరొస్తారమ్మా?"

"తెలీదు. నొక్కు."

కూతురు నొక్కింది. కుట్టుపిన్ని అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఒక్కదాన్నే చెప్పలేనే. నువ్వూ వచ్చి పక్కన నిలబడు."